మండపం వెనక ఫుల్ ట్యాంకు

2016 సెప్టెంబరులో నేను ఎల్బీ నగర్‌లోని ఒక కార్ల సర్వీసు కేంద్రంలో సీనియర్ టెక్నీషియన్‌గా ఉన్నాను. మా దగ్గర హెల్పరు, టెక్నీషియన్, సీనియర్ టెక్నీషియన్, ఆ పైన ఫ్లోర్ సూపర్‌వైజరు అనే వరస ఉండేది. ఏ బండి ఎవరు విప్పాలో, ఎప్పుడు బయటికి పంపాలో తేల్చేది సూపర్‌వైజరే. ఆ నెలాఖరుకు మా సూపర్‌వైజరు రిటైరవుతున్నాడు. ఆ కుర్చీకి పోటీలో ఇద్దరం మిగిలాం: నేను, నర్సింహ.

నర్సింహది నల్గొండ వైపు పల్లె. కాపురం బడంగ్‌పేట్‌లో. నేను తెనాలి నుంచి వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడ్డవాణ్ణి. పనిలో ఇద్దరం సమఉజ్జీలమే. అయినా నాకు అతనంటే కుళ్లు. ఇంతకంటే మర్యాదైన మాట వెతకాల్సిన పని లేదు. నేను గేరుబాక్సు దించి బాగుచేసి ఎక్కించిన బండి ఓనరు కూడా తాళాలు తీసుకుని వెళ్తూ "నర్సింహ లేడా?" అని అడిగేవాడు. పనేమిటంటే ఏమీ లేదు, ఊరికే పలకరిద్దామని. నన్ను ఊరికే పలకరించడానికి ఎవరూ రాలేదు. కస్టమర్ల ఇళ్లలో కాఫీ, టీ ముట్టకూడదని నేనొక నియమం పెట్టుకున్నాను. నర్సింహ అయితే, వాళ్లు ఇచ్చింది తాగి, బాగుంటే ఇంకోటి అడిగే రకం.

వినాయక చవితి వెళ్లిన కొద్ది రోజులకు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఫోన్ వచ్చింది. కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పే ఒక మాస్టారి కారు ఇంటి ఆవరణలోనే మొరాయించింది. స్టార్టరు తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. మర్నాడు పొద్దున కుటుంబంతో ఒంగోలు వెళ్లాలట. మామూలుగా అయితే తాడు కట్టి వర్క్‌షాపుకు లాక్కొచ్చేవాళ్లం. కానీ ఆయన గేటు ముందే గల్లీ వాళ్లు గణేశ్ మండపం వేశారు. నడిచే కారు మెల్లగా సందులోంచి బయటపడగలదు గానీ, ఆగిపోయిన కారును లాగితే ఆ మలుపులో మండపం గుంజలు ఊడొస్తాయి. ఇంటి దగ్గరే చేసి రమ్మని మేనేజరు మా ఇద్దర్నీ పంపాడు. ఇది పరీక్ష అని ఆయన అనలేదు. మాకు అర్థమైంది.

పెట్రోలు కార్లలో ఫ్యూయల్ పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది. చాలా బండ్లలో వెనక సీటు ఎత్తితే దాని మూత కనిపిస్తుంది. తాళం తిప్పగానే ఒకటి రెండు క్షణాలు ఆ వైపు నుంచి సన్నగా మోత రావాలి. రాలేదు. టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాను. కరెంటు పంపు దాకా వస్తోంది, పంపే తిరగడం లేదు. మార్చాల్సిందే. పెట్రోలు ముల్లు రిజర్వు గుర్తుకు కిందుంది. ట్యాంకు దాదాపు ఖాళీ, పని సులువు అనుకున్నాను.

చిక్కల్లా మండపంలో వెలుగుతున్న దీపంతో. ట్యాంకు మూత తీస్తే ఆవిరి బయటికొస్తుంది, చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు. నేను వెళ్లి, కాసేపు దీపం కొండెక్కించమని మండపం వాళ్లను మర్యాదగానే అడిగాను. నిమజ్జనం దాకా ఆరకూడని దీపమది. వాళ్లు నా మీద ఇంతెత్తున లేచారు. నర్సింహ నా వెనకాలే వచ్చి, "దీపం ముట్టకుర్రి అన్నా, గది గట్లనే ఉండనీ. జర అందరొక చెయ్యేస్తే బండినే ఎనకకు నూకుదాం" అన్నాడు. నన్ను తిట్టినవాళ్లే చొక్కా చేతులు పైకి మడిచి వచ్చారు. కారు ఆవరణ చివర, ఇంటి వెనక్కి చేరింది. చేతిలో ప్రసాదం పెట్టింది కూడా అతనికే. నాకు ఒళ్లు మండింది.

అప్పుడే మాస్టారి భార్య టీకి పిలిచారు. నేను వద్దన్నాను, నర్సింహ మేడెక్కాడు. మంచిదే అనుకున్నాను. పని నా చేతిమీదుగా పూర్తయితే మేనేజరుకు చెప్పుకోవడానికి నాకొకటి ఉంటుంది. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేశాను. వెనక సీటు ఎత్తి, కనెక్టరు, పైపులు విడదీశాను. పంపును బిగించి ఉంచే రింగు మీద ఇత్తడి ముక్క ఆనించి సుత్తితో తట్టాను. ఇనుమైతే నిప్పురవ్వలు లేస్తాయి, అందుకే ఇత్తడి. రింగు కదిలింది.

"ప్రసాదన్నా, ఆగు! ఇప్పకు! టాంకి ఫుల్లున్నది!"

మేడ మీంచి నర్సింహ నన్ను ఆపుతూ వేసిన కేక. అతని వెనకే మాస్టారు కంగారుగా దిగారు. "నిన్న సాయంత్రం ఫుల్ చేయించానండీ. ముల్లు లేవలేదు, పొద్దున చూద్దాంలే అనుకున్నాను. మీరు అడగలేదు కదండీ" అన్నారు. చూస్తే రింగు అంచున అప్పటికే తడి. ఇంకొంచెం తిప్పి పంపును పైకి లాగి ఉంటే, సీటు కింద, కారు నేల మీద, నా బట్టల మీద పెట్రోలు. మండపంలో దీపం మరీ దూరమేమీ కాదు.

రింగు తిరిగి బిగించాను. బయట పెట్రోలు పోయించే మూత వైపు నుంచి గొట్టం వేసి, చేతిపంపుతో పెట్రోలు డబ్బాల్లోకి తోడాం. ఆ తర్వాత కొత్త పంపు, కొత్త రబ్బరు సీలు వేసి బిగించాను. ఇంజను మొదటిసారికే అందుకుంది. మాస్టారు మా వైపు మనిషి, మా యాస మాట్లాడే మనిషి. అలాంటాయన ట్యాంకు నింపించిన సంగతి నాతో కాకుండా, టీ తాగుతున్న నర్సింహతో చెప్పారు. దారంతా నన్ను తొలిచింది అదే. నచ్చనివాడి చేత ప్రాణం దక్కించుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. థాంక్స్ చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ట్రాఫిక్ గురించి మాట్లాడాను.

ఎలా జరిగిందని మేనేజరు అడిగితే నర్సింహే ముందు జవాబిచ్చాడు. "పంపు ఎక్కించింది ప్రసాదన్ననే సార్. నేను ఛాయ్ తాగిన, గంతే." అందులో అబద్ధం లేదు. నెలాఖరుకు కుర్చీ నాకొచ్చింది. అదీ అతను ఇప్పించినట్టే అనిపించి, మొదటి రోజు అందులో సరిగా కూర్చోలేకపోయాను.

పెట్రోలు ముల్లును ఆడించే తేలుడు బిళ్ల కూడా పంపుతో కలిసే ఉంటుంది. ఆ భాగం పాడైతే ముల్లు మాట నమ్మడానికి లేదు. అందుకని, ట్యాంకు విప్పేముందు చివరిసారి పెట్రోలు ఎప్పుడు పోయించారో ఓనరును అడిగి తీరాలని ఫ్లోర్‌లో నియమం పెట్టాను. మెకానిక్కులు దానికి 'నర్సింహ ప్రశ్న' అని పేరు పెట్టుకున్నారు. మార్పించాలని చూశాను, కుదరలేదు. "నర్సింహ ప్రశ్న అడిగావా?" అని నేనే రోజూ అడగాల్సి వచ్చేది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక్కటే. బండి గురించి మీటరు చెప్పని సంగతులు ఓనరుకు తెలుసు, వాటిని ఆయన తన ఇంట కూర్చున్నవాడికి చెబుతాడు. అప్పట్నుంచి రిటైరయ్యేదాకా ఏ కస్టమరు ఇంటికెళ్లినా టీ కాదనలేదు. తాగుతుండగా చాలామంది "మీ నర్సింహ రాలేదేమండీ?" అని అడిగేవారు. కప్పు కింద పెట్టి, అతనికి ఫోను కలిపి ఇచ్చేవాణ్ణి.