ఆటోలో అందరినీ ఎక్కించిన దేవేందర్

దేవేందర్‌కి ఖాళీ జాగా అంటే పడదు. మేడ్చల్ బస్ డిపో దగ్గర నా కర్రీ పాయింట్‌ని ఆనుకునే అతని ఫ్లెక్సీ షాపు. పుట్టినరోజు ఫ్లెక్సీ కానివ్వండి, గృహప్రవేశం కానివ్వండి, బెత్తెడు చోటు కనిపిస్తే అక్కడో పువ్వో, సింహమో, ఎవరిదో ముఖమో అతికించేవాడు. "అంత కుక్కుతావేంటయ్యా, కంటికి కాస్త ఊపిరాడనివ్వు" అంటే నవ్వేవాడు.

"ఖాళీ జాగ కనవడితే పైసలు ఊకెనే గుంజిండంటరక్కా."

అసలు భయం అది కాదు లెండి. ఒకసారి ఓ చిన్న నాయకుడి ఫ్లెక్సీలో ఆయన బామ్మర్ది ఫోటో మర్చిపోయాడు. పొద్దునకల్లా ఫ్లెక్సీ చిరిగింది, మధ్యాహ్నానికి షాపు అద్దం పగిలింది. ఇక్కడ ఫ్లెక్సీ అంటే పెళ్ళి పంక్తి లాంటిది. ఒక్కడికి విస్తరి వెయ్యకపోయినా లేచి నిలబడతాడు. ఆ రోజు నుంచి దేవేందర్ ఏ ముఖాన్నీ వదల్లేదు. అందర్నీ పెట్టి, చివర్న కింది మూలలో చీమంత అంకెల్లో తన ఫోన్ నంబరు వేసుకునేవాడు.

అంతకుముందు చేత్తో రాసేవాడట. లారీల వెనకాల నెమళ్ళు, బడి గోడల మీద అక్షరమాల, కిరాణా కొట్ల బోర్డులు అన్నీ అతనివే. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. సరే అని కంప్యూటర్ నేర్చుకున్నాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఇంకొకడుంటాడు కదా, ఇప్పుడు ఫోనుకి చెబితే చాలు, పోస్టర్ అదే తయారుచేసి పెడుతోంది. కుర్రాళ్ళు దాన్ని పట్టుకుని తిన్నగా అల్వాల్‌లోని పెద్ద ప్రింటింగ్ మిషన్ దగ్గరికి పోతున్నారు. దేవేందర్ పొద్దున్నే షట్టర్ ఎత్తి, కంప్యూటర్ మీద దుమ్ము తుడిచి, సాయంత్రం దాకా దారిన పోయే బస్సులు చూస్తూ కూర్చునేవాడు.

"నా చేతికి ఇగ పనిలేదక్కా" అన్నాడు ఒకరోజు, పప్పు కట్టించుకోవడానికి వచ్చి, తన చేతులకేసి చూసుకుంటూ. అతని భార్య పద్మమ్మ పోయినప్పుడు కూడా ఆ మనిషి అంత కుంగిపోలేదు. అప్పుడు పని ఉంది, పనిలో పడి బతికాడు. నాకు ఏడుపొచ్చింది. అది కనిపించకుండా గరిటె పట్టుకుని మా పనిమనిషి మీద అరిచాను.

అలాంటి రోజుల్లో కూతురు భవిత వచ్చి, "బాపూ, నాకొక బొమ్మ గీసియ్యి" అంది.

భవిత కండ్లకోయలో ఇంజినీరింగ్ చదివింది. ఉద్యోగం చేసుకుంటూనే, సెలవు రోజుల్లో ఒక్కతే కూర్చుని ఫోన్‌లో ఆడుకునే ఆట తయారుచేసింది. దాని పేరు 'ఇంకొక్కరు'. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే షేర్ ఆటో. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఎక్కించుకోవాలి. బియ్యం మూట, కోళ్ళ గంప, బాలింత, లావుపాటి పెద్దాయన, అందరినీ సర్దాలి. సర్దడం తప్పిందా, ఆటో పక్కకి ఒరుగుతుంది. నేనూ ఆడాను. పప్పు మాడబెట్టుకున్నాను కూడా.

ఆటలు దొరికే ఆన్‌లైన్ దుకాణంలో దాన్ని పెట్టాలంటే చిన్న బొమ్మ ఒకటి కావాలట, దాని కింద నాలుగు మాటలు రాయాలట. జనం ఆట ఆడి చూసి తీసుకోరు, బొమ్మ చూసి తీసుకుంటారు. ఆ బొమ్మ తండ్రి చేతిదే కావాలంది పిల్ల.

దేవేందర్ అటక మీది నుంచి బ్రష్షులు దించాడు. గట్టిపడిపోయిన వెంట్రుకల్ని నూనెలో నానబెట్టి, దువ్వి, మెత్తబరిచాడు. గడ్డం గీసుకున్నాడు. ఈలలు వేశాడు. అట్ట మీద పసుపుపచ్చ ఆటో గీసి, అందులో అందరినీ ఎక్కించాడు. ఛాయ్ అమ్మే శివమ్మ ఉంది. కూరల క్యారియర్‌తో నేనున్నాను, ఉన్నదానికంటే లావుగా. వెనక సీట్లో అంచున, కొంగు గాలికి ఎగురుతూ, పద్మమ్మ ఉంది. ఎంత బాగా గీశాడంటే, మనిషి లేచి వచ్చినట్టే అనిపించింది నాకు. కింది మూలలో ఫోన్ నంబరు సరేసరి.

"బాపూ, గిది ఫోన్‌ల బొటనేలంత కనవడ్తది. ఒక్క ఆటో, ఒక్క మనిషి ఉంటే చాలు" అంది భవిత.

"ఒక్కల్నే పెడితే తక్కినోళ్ళు ఏమనుకోవాలె?"

"తక్కినోళ్ళు ఎవ్వరూ లేరు బాపూ. ఆటల మనుషులే గదా!"

"ఆటల మనుషులైతే మాత్రం?" అన్నాడు దేవేందర్. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. ఆట వివరం రాయమంటే అది కూడా ఫ్లెక్సీలాగే రాశాడు. 'మేడ్చల్, శామీర్‌పేట పరిసర ప్రాంత ప్రజలకు, పెద్దలకు, ఆటో సోదరులకు హృదయపూర్వక నమస్కారములు' అని మొదలుపెట్టి, చివరిదాకా ఆట ఏమిటో చెప్పలేదు. ఆ పిల్ల వివరం మార్చుకుంది గానీ, బొమ్మ మార్చడానికి చెయ్యి రాలేదు. దాన్నే పెట్టింది.

ఎవరూ తీసుకోలేదు. బొటనవేలంత జాగాలో అంతమందీ కలిసి చూడటానికి పులిహోర ముద్దలా ఉన్నారు. చుట్టాలూ నేనూ తీసుకున్నాం, అక్కడితో సరి.

కొన్నాళ్ళకి భవిత ఒక్కతే నా దగ్గరికొచ్చి కూర్చుంది. ఆ దుకాణంలో ఒక సదుపాయం ఉందట. రెండు బొమ్మలిస్తే సగంమందికి ఒకటి, సగంమందికి ఇంకొకటి చూపిస్తారట. తండ్రి బొమ్మకి పోటీగా తనే ఒకటి చేసి పెట్టింది. ఉత్త ఆటో, అందులోంచి బయటికి వేలాడుతున్న ఒక్క కాలు. చుట్టూ అంతా ఖాళీ. జనం ఆ కాలునే నొక్కారు. ఆట ఎక్కడెక్కడి వాళ్ళ ఫోన్లలోకో దిగడం మొదలైంది.

"బాపుది తీసేసిన ఆంటీ. గని బాపు ఫోన్‌ల ఉన్న ఆటకు మాత్రం బొమ్మ మార్చలే. అండ్ల బాపుదే ఉంచిన. బాపుకు తెల్వదు. చెప్పకుండ్రి."

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన అంటాడు. ఈ ఒక్క సంగతి మాత్రం నానింది. ఎలా చెబుతాను? దేవేందర్ తన ఫోన్ తీసి బస్సు దిగినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. "మస్తుమంది ఆడుతుండ్రు. బొమ్మ నాదే" అంటున్నాడు. ఒకరోజు షాపు ముందు కొత్త బోర్డు వేలాడింది. చేత్తో రాసినది, నీడ అక్షరాలతో, అంచున నెమళ్ళతో: 'ఫోన్ ఆటలకు బొమ్మలు గీయబడును'. మూలలో ఫోన్ నంబరు. నేను ఆ బోర్డు చూసి లోపలికొచ్చి కూర్చున్నాను. ఆ రోజు కూరల్లో ఉప్పు వేశానో లేదో కూడా గుర్తులేదు.

నిజంగానే ఒకమ్మాయి వచ్చింది. పేరు ధరణి, భవిత చదివిన కాలేజీలోనే చదువుతోంది, కాలేజీ బస్సులోంచి బోర్డు చూసిందట. దేవేందర్ నాకు వినబడేలా కేకేసి మరీ కుర్చీ వేశాడు. "గా ఆటో ఆట బొమ్మ నేనే గీసిన బిడ్డా" అన్నాడు.

"అది మీదేనా అంకుల్! ఎంత బాగుంటుందో! ఏమీ పెట్టకుండా, ఆ ఒక్క కాలు... నా ఆటకూ అలాంటిదే కావాలి."

"ఏం కాలు?"

ఆ అమ్మాయి తన ఫోన్‌లో ఆ ఆటల దుకాణం తెరిచి చూపించింది. పాపం, దానికేం తెలుసు? దేవేందర్ ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూశాడు, దూరం పెట్టి చూశాడు. "గిది నా చెయ్యి కాదు బిడ్డా" అని ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. ఆమె వెళ్ళిపోయింది.

సాయంత్రం భవిత వచ్చేదాకా అతను ఆ కుర్చీలోంచి లేవలేదు. నేను పెట్టిన ఛాయ్ మీగడ కట్టింది.

"నీ బొమ్మను జనం ఒత్తుతలేరు బాపూ. ఏం జెయ్యాలె నేను?" అంది ఆ పిల్ల ఏడుస్తూ.

"అందర్నీ దించినవ్, సరే. మీ అమ్మను గూడ దించినవా?"

"నీ ఫోన్‌ల ఉంది గదా బాపూ."

"నా ఫోన్‌ల నేనొక్కణ్ణే జూస్త."

మీగడ కట్టిన ఆ ఛాయ్ గ్లాసు తీసుకుని నేను బయటికొచ్చాను. ఆ పిల్లది తప్పా? కాదు. అతనిదా? అతనిదీ కాదు. ఎవర్ని తిట్టాలో తెలియక, వెళ్ళి మా పనిమనిషినే తిట్టాను.

మర్నాడు నేను వచ్చేసరికి దేవేందర్ స్టూలు ఎక్కి ఆ బోర్డుకి తెల్లరంగు వేస్తున్నాడు. ముందు అక్షరాలు పోయాయి, తర్వాత నెమళ్ళు. చివరికి మూలలోని ఫోన్ నంబరు మీద కూడా బ్రష్షు ఆడించాడు. ఇంకేదో కొత్తది రాస్తాడు కాబోలని ఆశపడి, "ఏం రాస్తావయ్యా ఇప్పుడు?" అని అడిగాను.

"ఏం రాయనక్కా. గట్లనే ఉండనియ్యి" అని స్టూలు దిగి, బ్రష్షు కడక్కుండానే డబ్బాలో పడేశాడు.