దొర కాళ్ళ మీద పడని అసిరమ్మ

అసిరమ్మ టీవీ చూడదు, టీవీతో తగువు పెట్టుకుంటుంది. సాయంత్రం అన్నం వార్చేసి, కోడలు హైమ సీరియల్ పెట్టగానే వచ్చి గుమ్మానికి వీపు ఆన్చి కూర్చుంటుంది. అది తెల్లదొరల కాలం నాటి కథ అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ కథలంటే ఆమెకి ప్రాణం, ఆ కథలంటేనే ఒళ్ళు మంట కూడా. గుర్రాలు, తుపాకులు, దొరసానుల గౌన్లు వస్తున్నంతసేపూ కన్నార్పదు. ఊరి జనం కనబడ్డారో, అప్పుడు మొదలవుతుంది.

"అదేటే హైమా, ఈళ్ళకి ఏడుపు తప్ప మరో పని లేదేటి? ఊరంతా ఉన్నారు, ఒక్కడి సేతిలో కర్ర లేదు. గుర్రమెక్కి ఈరో వస్తే గాని లెగరేటి?"

"సీరియల్ అత్తా అది. సూడనియ్యి."

"సూస్తన్నాను గదే. సూసే సెప్తన్నాను."

శృంగవరపుకోట దాటాక కొండల వైపు ఆటోలో పావుగంట పోతే వాళ్ళ ఊరు. అరవై దాటిన మనిషి అసిరమ్మ. చెరకు మోపులు మోసి మోసి మెడ గట్టిపడింది, నోరు మాత్రం పుట్టుకతోనే గట్టిది. ఎంత గట్టి నోరైనా మూతపడే సమయం ఒకటుంది. మా వైపు ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటు పాతది. చుట్ట ముట్టించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. మంచి అలవాటని నేననను, ఆసుపత్రిలో అందరూ తిడుతూనే ఉంటారు. కానీ నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషి మాట్లాడలేదు కదా. అందుకే అసిరమ్మ అడ్డపొగ వేసిందంటే ఆ సంగతి మీద ఇక మాట లేదని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. పంచాయతీ పెద్దలు కూడా తువ్వాళ్ళు దులుపుకుని లేచిపోయేవారు.

ఆమెకి ఒక కోరిక ఉండేది. ఎవరికీ చెప్పుకునేది కాదు, అయినా అందరికీ తెలుసు. వయసులో ఉన్నప్పుడు కొండ దగ్గర ఏదో సినిమా తీస్తే, జనంలో నిలబడి వచ్చింది. ఆ సినిమా శృంగవరపుకోటలో ఆడినప్పుడు కాళ్ళకి చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళి చూసింది. తెర మీద దుమ్ము కనబడింది, దుమ్ములో తలకాయలు కనబడ్డాయి, వాటిలో తనది ఏదో పోల్చుకోలేకపోయింది. అప్పటి నుంచీ అదే ఆశ. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన ముఖం తెర నిండా కనబడాలి.

హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడాది ఆ ఊరికి హైదరాబాదు నుంచి సీరియల్ వాళ్ళు దిగారు. తెల్లదొరల కాలంలో పన్ను కట్టలేక నలిగిపోయిన పల్లె కథట. పెంకుటిళ్ళు, వెనక కొండలు, కరెంటు స్తంభాలు అడ్డురాని కళ్ళం, అన్నీ వాళ్ళకి నచ్చాయి. జనాన్ని పోగుచేసే పని ఊరివాడైన బంగారురాజుకి అప్పజెప్పారు. డైరెక్టరు ఆనంద్‌కుమార్ చెడ్డవాడేమీ కాదు, గొంతెత్తి మాట్లాడడు కూడా. కాకపోతే తన బుర్రలో ఒక పల్లెటూరు పెట్టుకుని వచ్చాడు, ఎదురుగా ఉన్న పల్లెటూరు అతనికి అంతగా కనబడలేదు.

ముసలివాళ్ళందరినీ వరసలో నిలబెట్టి చూసుకుంటూ వచ్చి, అసిరమ్మ దగ్గర ఆగిపోయాడు. "నాకు ఈ ముఖం కావాలి" అన్నాడు.

ఇంకేముంది, ఆ రోజంతా అసిరమ్మ కాలు నేల మీద నిలవలేదు. తలంటుకుంది. వీధి వీధంతా తిరిగి చెప్పింది. హైమ అరసవల్లిలో ఉన్న పుట్టింటికి ఫోను చేసి, "మా అత్త టీవీలో వస్తాది, మొకం దగ్గరగా సూపిస్తారట" అని మురిసిపోయింది. ఇంట్లో మురవని మనిషి నూకయ్య ఒక్కడే. అసిరమ్మ మొగుడు. అతను దేనికీ మురవడు, దేనికీ అరవడు. అతన్ని కూడా జనంలో నిలబడమన్నారు, సరేనని తలూపాడు.

మర్నాడు పొద్దున్న కళ్ళంలో ధాన్యం బస్తాలు పేర్చారు. దొర వేషం వేసింది విశాఖలో చదువుకుంటున్న ఒక రష్యా యువకుడు. ఎర్రకోటు, మోకాళ్ళ దాకా బూట్లు, నెత్తిన టోపీ. ఆనంద్‌కుమార్ అసిరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పాడు. సిపాయిలు ధాన్యం ఎత్తుకుపోతుంటారు. ముసలమ్మ పరిగెత్తుకొచ్చి దొర కాళ్ళ మీద పడుతుంది. బూట్లు పట్టుకుని ఏడుస్తుంది. దొర విదిలించుకుంటాడు.

"ఎవల కాళ్ళ మీద?" అంది అసిరమ్మ.

"దొర కాళ్ళ మీద పెద్దమ్మా."

"పడను బాబూ."

ఆనంద్‌కుమార్ నవ్వాడు. "నిజంగా కాదమ్మా, ఇది నటన."

"నటనే గదా. అయితే ఆ దొరనే నా కాళ్ళ మీద పడమను. అదీ నటనే గదా."

జనం గొల్లుమన్నారు. రష్యా అతను ఏమిటేమిటని అడిగి తెలుసుకుని, తనకేం అభ్యంతరం లేదన్నట్టు తలూపాడు. డైరెక్టరుకి మాత్రం నవ్వు రాలేదు.

బంగారురాజు ఆమెని గడ్డివాము చాటుకి తీసుకుపోయాడు. "పిన్నీ, నీకు దండం పెడతాను. నీ మొకం సూపించేది ఈ ఒక్క షాటులోనే. ఇది కాదన్నావంటే మళ్ళీ గుంపులో కలిసిపోతావు. ఊరంతా నీకోసం ఎదురు సూస్తన్నాది. ఒక్క నిమిషం వంగితే ఏటి పోద్ది?"

ఏటి పోద్దో అసిరమ్మకి తెలుసు. నలభై ఏళ్ళ కిందట వాళ్ళ గేదె తాడు తెంపుకుని ఊరి కామందు చెరకు తోటలో పడింది. కామందు దాన్ని తన సావిట్లో కట్టేయించాడు. నూకయ్య వెళ్ళి అందరి ముందూ అతని కాళ్ళ మీద పడ్డాడు. నుదురు నేలకి ఆన్చి, లెగమనేదాకా లేవలేదు. గేదెని ఇచ్చేశారు. తాడు పట్టుకుని ఇంటికొచ్చిన మొగుణ్ణి గుమ్మంలో నిలబెట్టి అసిరమ్మ ఒకే మాట అంది. "గేది ఇంటికొచ్చినాది గాని నువ్వు రాలేదయ్యా." ఆ తర్వాత ఎప్పుడు తగువొచ్చినా, ఉప్పు ఎక్కువైన దగ్గర మొదలైనా సరే, చివరికి ఆ మాట దగ్గరికే వచ్చేది. నూకయ్య ఒక్కనాడూ బదులు చెప్పలేదు. తల దించుకుని పశువుల దగ్గరికి పోయేవాడు. మొగుణ్ణి అంత మాట అన్న మనిషి ఇప్పుడు సీరియల్లో ముఖం కోసం వంగితే, రేపు అతని ముఖం ఎలా చూస్తుంది? అలాగని ఆశ చచ్చిందా అంటే, లేదు. వయసు చూస్తే ఇదే ఆఖరి అవకాశం. ఏడుపు కూడా వచ్చింది పాపం, మింగేసింది.

"మొక్కితే పైడితల్లికి మొక్కుతాన్రా. ఈ బూట్లకేటి మొక్కీది" అంది.

"ఒక్కసారి నిలబడి చూడమ్మా, కెమెరా ముందుకొస్తే నటన దానంతటదే వస్తుంది" అని ఆనంద్‌కుమార్ బతిమాలి తీసుకెళ్ళాడు. సరేనని వెళ్ళింది. యాక్షన్ అన్నారు. సిపాయిలు బస్తాలు ఎత్తారు. అసిరమ్మ పరిగెత్తలేదు, నడిచింది. దొర ఎదురుగా నిలబడి అతని ముఖంలోకి చూసింది. ఆ తర్వాత మిగిలిన బస్తా మీద తీరిగ్గా కూర్చుని, రొంటిన దోపుకున్న చుట్ట తీసి ముట్టించి, నిప్పు కొస లోపలికి తిప్పి పెదాలు మూసేసింది.

నిప్పు నోట్లోకి పోవడం కళ్ళారా చూసిన ఆ రష్యా అతను బెదిరి వెనక్కి అడుగేశాడు. టోపీ కింద పడింది. ఊరివాళ్ళందరికీ అర్థమైపోయింది. ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అర్థం కానిది డైరెక్టరు ఒక్కడికే. కట్ చెప్పి దగ్గరకొచ్చాడు, బతిమాలాడు, కోప్పడ్డాడు, ఆ కాలంలో జనం పడ్డ కష్టాలు ప్రపంచానికి తెలియాలా వద్దా అని అడిగాడు. అసిరమ్మ ముక్కులోంచి పొగ వదిలింది. బంగారురాజే చెయ్యి పట్టుకుని అతన్ని అవతలికి లాగాడు. "వదిలేయండి సార్, అయిపోయింది."

ఆనంద్‌కుమార్ విసుగ్గా జనం వైపు చూశాడు. అతని చూపు నూకయ్య మీద ఆగింది. గోచీ, తలపాగా, వంగిన నడుము. "ఆ తాతని పెట్టండి. ఆ నడుము చాలు."

అసిరమ్మ అరుద్దామంటే నోట్లో నిప్పుంది. తీసేద్దామనుకుంది, చెయ్యి లేవలేదు. మొగుడు ఏం చేస్తాడో చూడాలని కూడా ఉంది, చూడాలంటే భయంగానూ ఉంది. నలభై ఏళ్ళకి పైగా కాపురం చేసిన మనిషి గురించి అంత భయపడటం ఆమెకి అదే మొదలు.

నూకయ్య మెల్లగా వచ్చి దొర ముందు నిలబడ్డాడు. బూట్ల వైపు చూశాడు. మోకాళ్ళు కొంచెం వంగాయి కూడా. అంతలో చెయ్యి తొడకి ఆన్చుకుని, నడుము లేచినంత మేరా లేచాడు.

"ఒకపాలి పడ్డాను బాబూ" అన్నాడు. "గేది కోసం. పిల్లలకి పాలుండాలని పడ్డాను. సీరియల్ కోసం పడను."

అసిరమ్మ చుట్ట నోట్లోంచి తీసేసింది. ఆమె అలా సగంలో తీయడం అంతకు ముందు ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోను కూడా లేదు. లేచి వెళ్ళి మొగుడి రెక్క పట్టుకుంది.

"నడవయ్యా. ఇంటికి పోదాం."

దారిలో చింతతోపు దాటాక ఆమే అంది, "పాలకోసమని నాకెప్పుడూ సెప్పలేదేటి? ఇన్నేళ్ళూ అన్నాను గదా నిన్ను. ఇంకనను."

"అను" అన్నాడు నూకయ్య. "నువ్వు అనకపోతే నాకేటి తోస్తాది?"

సాయంత్రం బంగారురాజు వచ్చి గుమ్మంలో నిలబడి ఎగిరాడు. తన పరువు తీశారన్నాడు, ఇక జన్మలో ఏ షూటింగుకీ పిలవనన్నాడు.

"ఒరే బంగారూ, నిలబడే ఏసం ఉంటే పిలు. వస్తాం" అంది అసిరమ్మ.

కొన్నాళ్ళకి ఆ భాగం టీవీలో వచ్చింది. తమ కళ్ళం చూసుకోవాలని వీధి జనమంతా ఆ ఇంట్లోనే చేరారు. విశాఖ నుంచి తెచ్చిన నటి పరుగున వచ్చి దొర కాళ్ళ మీద పడింది. బాగా చేసింది, అబద్ధమెందుకు. వెనక సంగీతం మోగింది, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"నువ్వు పడుంటే ఇయాల అక్కడ నీ మొకం ఉండేది అత్తా" అంది హైమ ఉండబట్టలేక.

అసిరమ్మ టీవీ దగ్గరికి వెళ్ళి తెర మీద వేలు పెట్టి చూపించింది. పైన దొర ముఖం. కింద బూట్లు, బూట్ల మీద ముడి ఊడిన జుట్టు, వీపు మీద చిరిగిన రవిక.

"ఏదే మొకం? ఎతుకు. ఈపే గదా సూపించినారు."