శివారు వంతు

మా విశ్వవిద్యాలయంలో అందరికంటే పెద్దాయన అందరికంటే చివర మాట్లాడేవారు. ఈ మాట ఇప్పుడు చెబితే నవ్వుతారు. నవ్వండి. నేను ఆ బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి, నాకు తెలుసు.

అది రాజమహేంద్రవరం పొలిమేరలో ఉండేది. సర్కారువారిదే, కానీ చిన్నది. రెండు పాత భవనాలు, రేకుల కప్పు వేసిన తరగతి గదులు, ఒక లైబ్రరీ, దాని వెనక గదిలో నా బైండింగు పని. నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకా. మిగతా చదువంతా కుట్టడానికి వచ్చిన పుస్తకాల్లోంచి, జిగురు ఆరేలోపు చదువుకున్నదే. అందువల్ల చాలా పుస్తకాలకు మొదలు తెలుసు నాకు, చివర తెలియదు.

తొంభైల్లో మాకు వీసీగా వచ్చినాయన అర్థశాస్త్రం చెప్పిన మనిషి. కాలువ శివారు ఊళ్ళో రైతు కుటుంబంలో పుట్టారు. పై నుంచి వచ్చే ఉత్తర్వుల సంగతి పై వాళ్ళది. మిగిలినవన్నీ, అంటే టైంటేబులు, మంచినీళ్ళు, లైబ్రరీ వేళలు, పరీక్షల ఏర్పాట్లు, అందరం కూర్చుని తేల్చుకోవాలని ఆయన ఒక కమిటీ పెట్టారు. అందులో విద్యార్థుల తరఫున ఒకరు, పనివాళ్ళ తరఫున నేను, ఆఫీసు సూపరింటెండెంటు, లెక్చరర్లు, ప్రొఫెసర్లు, చివర ఆయన. మొదటి రోజే చెప్పారు.

"కాలవకి నీళ్ళొదిలితే ఎగువోడు తడుపుకున్నాక దిగువోడికి మిగిలేదేంటండి? బురద. మాటా అంతే. ముందు నేను మాట్లాడానంటే మీకు మిగిలేది తలూపడమే. అందుకని మనం శివారు నుంచి మొదలెడదాం."

అలా విద్యార్థి ముందు మాట్లాడేవాడు, తర్వాత నేను, అలా పైకి వెళ్ళేది. దానికి 'శివారు వంతు' అని పేరు పడింది. ఒక ప్రొఫెసరు గారికి అది నచ్చక, "ఇది విశ్వవిద్యాలయమా, నీటి సంఘమా అండీ" అని దెప్పేవారు. నిజమే, సమావేశాలు సాగిపోయేవి. టీలు చల్లారిపోయేవి. పోట్లాటలూ అయ్యేవి. ఒకసారి మధ్యాహ్నం భోజనాల వేళ లైబ్రరీ మూసేద్దామనే విషయం వచ్చింది. వంతు ప్రకారం ముందుగా ఒక కుర్రాడు లేచి, రైలు మీద వచ్చిపోయే తమకు చదువుకునే వేళ అదొక్కటేనన్నాడు. చుట్టూ తిరిగి మాట చివరికి వీసీ గారి దగ్గరికి వచ్చింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నేను మూసేద్దామనే వచ్చానండి. ఇప్పుడు ఆ మాట నా నోట రాదు" అన్నారు. లైబ్రరీ తెరిచే ఉంది.

ఆయన ఉద్యోగ విరమణ చేసే ఏడాది విద్యార్థుల తరఫున ఒక అమ్మాయి వచ్చింది. నరసాపురం నుంచి, చేపలు పట్టే ఇంటి పిల్ల. తండ్రి పడవ మీద పోతాడు, తల్లి బుట్టలో చేపలు పెట్టుకుని వీధులు తిరుగుతుంది. వాళ్ళ ఇంట్లోనే కాదు, వాళ్ళ పేటలోనే ఎమ్మే దాకా వచ్చిన మొదటి పిల్ల. ఆడపిల్లలకు అప్పటికి హాస్టలు లేదు. తెల్లవారకముందే లేచి మొదటి పాసింజరు ఎక్కి, పది గంటల క్లాసుకు అందుకునేది. కమిటీలో మొదటిసారి తన వంతు రాగానే, "ఆడోళ్ళ దొడ్డి తలుపుకి గడియ లేదండి. ఒకళ్ళు లోనకెళ్తే ఇంకోళ్ళు కాపలా ఉండాల్సొత్తందండి" అంది. పెద్దవాళ్ళంతా కిందికి చూశారు. మర్నాటికి గడియ వచ్చింది. నన్ను బాబాయ్ గారూ అనేది. క్లాసు లేనప్పుడు నా గదిలో కాగితాల బొత్తుల మధ్య కూర్చుని చదువుకునేది.

ఆ పిల్ల రెండో ఏడులోకి రాగానే కొత్త వీసీ గారు వచ్చారు. దూరం నుంచి, పెద్ద విశ్వవిద్యాలయం నుంచి. మంచివారు. ఇది నేను ఇష్టం లేకుండానే రాస్తున్నాను, కానీ మంచివారే. చెడ్డవాడైతే నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదు.

మొదటి సమావేశంలో ఆయనకు దండ వేశారు. నీటి సంఘం అని దెప్పిన ప్రొఫెసరు గారే లేచి, "మన గోదావరి జిల్లాల మర్యాద ఒకటుంది కదండీ. ఇంటికొచ్చినవారికి ముందు వడ్డించి తర్వాత మనం కూర్చుంటాం. ఇవాళ్టికి మొదటి మాట వారిదే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కూడా కొట్టింది.

కొత్తాయనకు మా పద్ధతి ఎవరూ చెప్పలేదు. ఆయన మామూలుగానే మొదలుపెట్టారు.

"పెద్దగా చెప్పేదేం లేదండి. మధ్యాహ్నం ఈ రేకుల కింద పిల్లలు ఉడికిపోతున్నారు. కరెంటూ ఉండట్లేదు. పొద్దున్నే ఎనిమిదికి మొదలెట్టి ఒంటిగంటకి వదిలేద్దాం. మా దగ్గర అలాగే ఉండేది. అభ్యంతరాలుంటే చెప్పండి."

చెప్పమనే ఆయన అడిగారు. తర్వాత వంతు అమ్మాయిది. తల వంచుకుని, "ఏం లేదండి" అంది. ఆ తర్వాత నాది.

"అయ్యా, నరసాపురం పాసింజరు ఇక్కడికి వచ్చేసరికే తొమ్మిది దాటుతుందండి. ఈ పిల్ల అందులోనే రావాలి. ఎనిమిదికి క్లాసంటే ఈవిడ చదువు ఆగిపోతుందండి."

గదిలో ఎవరో గిన్నె కింద పడేసినట్టయింది. సూపరింటెండెంటు గారు నా వైపు వంగి, "ఏంటండీ మీరు. ఆయన మెళ్ళో దండ ఇంకా వాడలేదు. మొదటి మాటకే అడ్డం పడతారా?" అన్నారు.

"బైండింగు వారికి పుస్తకాలు కుట్టి కుట్టి మనుషుల్ని కూడా గుచ్చడం అలవాటైందండి" అన్నారు ప్రొఫెసరు గారు. అందరూ నవ్వారు.

కొత్తాయన మాత్రం నవ్వలేదు. "ఉండండి, చెప్పనివ్వండి. అమ్మా, నీకు ఇబ్బందా?" అని ఆ పిల్లనే అడిగారు.

అమ్మాయి నా మొహం చూసింది. నవ్వుతున్నవాళ్ళ మొహాలు చూసింది. "పర్లేదండి. వచ్చేత్తానండి. ఇక్కడ మా సుట్టాలున్నారండి" అంది.

ఈ ఊళ్ళో ఆ పిల్లకు చుట్టాలు లేరు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆవిడే వస్తానన్నాక నా మాటకు విలువేముంది. నిర్ణయం ఏకగ్రీవం అని రాసుకున్నారు. నా తర్వాత వంతుల్లో కూర్చున్న ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఆ పిల్ల తొమ్మిది దాటాక స్టేషను నుంచి పరుగెత్తుకు రావడం రోజూ చూసినవాళ్ళు, ఒక్కొక్కరే "బాగుందండి, బాగుందండి" అంటూ పోయారు. తాంబూలం అందుకుంటున్నట్టు.

అమ్మాయి నిజంగానే ప్రయత్నించింది. తోటి విద్యార్థిని ఇంట్లో కొన్నాళ్ళు ఉంది. ఆ ఇంటివాళ్ళు ఏమీ అనలేదు. ఆ పిల్ల బట్టలు మాత్రం వేరే తీగ మీద ఆరేసుకోమన్నారు. వాసనట. నాలుగో శనివారమో ఐదో శనివారమో సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. తర్వాత మళ్ళీ పాసింజరే. రెండు క్లాసులు అయిపోయాక వచ్చేది, మూడో క్లాసు గంట కొట్టేదాకా నా గదిలో కూర్చునేది. "కమిటీలో చెప్పమ్మా" అనేవాణ్ణి. "నేనే వత్తానన్నాను కదండీ" అనేది.

చెప్పడానికి చోటేదీ? ఒక్కరోజుకని ఇచ్చిన మొదటి మాట మళ్ళీ వెనక్కి రాలేదు. ప్రతి సమావేశంలోనూ ఆయనే మొదలుపెట్టేవారు, గంటలో అయిపోయేది, టీలు వేడిగా ఉండేవి. శివారు వంతు సంగతి ఆయనకు చెప్పమని ప్రొఫెసరు గారిని అడిగాను.

"ఎలా చెప్తామండీ? విస్తట్లో చెయ్యి పెట్టినాయన్ని లేచి చివర బంతిలో కూర్చోమన్నట్టుండదూ?" అన్నారు.

పోనీ నేనే చెబుదునా అంటే, నా వంతు వచ్చేసరికి విషయం తేలిపోయి ఉండేది. రెండుసార్లు చెప్పబోయాను. రెండుసార్లూ సూపరింటెండెంటు గారు, "వారు తర్వాత మాట్లాడతారండి" అని ఆపేశారు. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడూ రాలేదు.

పరీక్షలకు ముందు అమ్మాయికి హాజరు చాలలేదన్నారు. హాలు టిక్కెట్టు ఇవ్వలేదు. అది విని నేను నడుముకి కట్టుకున్న పనిగుడ్డతోనే, చేతులకు జిగురుతోనే వీసీ గారి గదికి వెళ్ళాను. ఆయన కూర్చోమన్నారు. కూర్చోలేదు. అంతా చెప్పాను.

ఆయన చేతిలో కలం పక్కన పెట్టారు.

"ఆ అమ్మాయినే అడిగాను కదండీ. అందరూ బాగుందన్నారు. ఇన్నాళ్ళూ నా ఎదురుగా కూర్చుని ఎవరూ చెప్పలేదేంటండి?"

"నేను చెప్పానండి."

"మీరొక్కరే కదండీ" అన్నారు. కోపంగా కాదు. చాలా నెమ్మదిగా అన్నారు.

హాజరు నిబంధన పై వాళ్ళది, ఆయన చేతిలో లేదు. రాసి చూశారు, కుదరలేదు. ఎండాకాలం సెలవుల తర్వాత మొదటి సమావేశంలో, ఆయనే మొదటి మాటగా, క్లాసులు మళ్ళీ పది గంటలకు మారుస్తున్నామన్నారు. అందరూ బాగుందండి అన్నారు. ఎనిమిదికి ఎలా ఊపారో పదికీ అలాగే తలలు ఊపారు. కొత్తగా వచ్చిన విద్యార్థి ప్రతినిధి కూడా ఊపాడు. ఆ బల్ల దగ్గర ఆ రోజు అనిపించినంత ఒంటరిగా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఆ ఆదివారం నరసాపురం వెళ్ళాను. ఇంటికి పోతే రేవు దగ్గర ఉందన్నారు. పడవలు ఒడ్డుకు వచ్చే వేళ. అమ్మాయి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చేపలు వేలంపాటలో పాడుకుని బుట్టలోకి వేరు చేస్తోంది. నన్ను చూసి చేతులు కడుక్కోబోయింది. వద్దన్నాను.

"మళ్ళీ పదింటికే పెట్టారమ్మా. ఈ ఏడు తిరిగి చేరొచ్చట. నేను కనుక్కునే వచ్చాను."

"ఇంకెక్కడండి బాబాయ్ గారూ. అమ్మకి మోకాళ్ళు పోయాయండి. బుట్ట నేనే మోత్తన్నా."

అప్పటిదాకా అడగనిది అడిగాను.

"ఆ రోజు వస్తానని ఎందుకన్నావమ్మా? నేను చెప్పాను కదా."

"మీరు చెప్పారనేనండి. అంతమందీ మీ మీద పడి నవ్వుతున్నారు. నేను పర్లేదంటే ఊరుకుంటారనుకున్నానండి."

గోదావరి మీద పంటు అవతలి ఒడ్డు నుంచి జనాన్ని ఎక్కించుకుని వస్తోంది. అమ్మాయి బుట్ట మీద తడిగుడ్డ కప్పింది. చుట్టకుదురు నెత్తిన సర్దుకుంటూ అడిగింది.

"ఇప్పుడు ముందు ఎవరు మాటాడతన్నారండి?"

"ఆయనేనమ్మా."

"ఆయ్" అంది. బుట్ట ఎత్తడానికి ఒక చెయ్యి కావాలి. నేను ఒక పక్క పట్టుకున్నాను.