పెనిసిమాని బాబాయ్ బల్లి

మా ఎఉవా దీవిలో ఏ యంత్రం పాడైనా దాన్ని పాడుచేసింది బల్లే. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. దీవి మొత్తానికి ఉన్న ఒకే ఒక్క రిపేరుమనిషి పెనిసిమాని బాబాయ్ ఇచ్చే తీర్పు. ఇరవై రెండేళ్లుగా ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

చర్చిలో ఆర్గన్ మూగబోయింది. బాబాయ్ చర్చికి మర్యాదగా, మా వాడుక ప్రకారం నడుముకు చాప బిగించుకుని వచ్చాడు, వెనకపలక విప్పి తల దూర్చాడు, రెండుసార్లు తుమ్మాడు, "బల్లి" అన్నాడు. కొట్లో ఫ్రీజరు ఆగిపోయి మాంసమంతా కంపు కొట్టింది. "బల్లి." పోలీసాయన వైర్‌లెస్ సెట్టు రెండు ముక్కలైంది. దాన్ని విరగ్గొట్టాలంటే ఆ బల్లి పందిపిల్లంత ఉండాలి కదా! "బాగా బలిసిన బల్లి" అన్నాడు, మొహంలో నవ్వన్నది లేకుండా.

నేను హైస్కూల్లో కంప్యూటర్లు చెప్పేదాన్ని. చదువుకున్నదాన్నన్న పొగరు కాస్త ఉండేది.

"ఏదీ, ఆ బల్లిని ఒక్కసారి చూపించు బాబాయ్" అని నిలదీసేదాన్ని.

"పారిపోయింది అమ్మాయ్. తప్పు చేసినవాళ్లు నిలబడతారా?"

మా హెడ్మాస్టరు లిసియాతే గారైతే ఆ మాట నమ్మేసి, పిల్లలకు చీపుళ్లిచ్చి బడి గోడల మీది బల్లులన్నిటినీ తరిమించాడు. ఆ నెలంతా దోమలు మమ్మల్ని పీక్కుతిన్నాయి.

మా బడి కంప్యూటర్లు ఇరవై. వాటిని నడిపించే ప్రోగ్రాముల సరుకేదీ వాటి కడుపులో ఉండదు. మీట నొక్కగానే ఒక్కొక్కటీ తీగలోకి "నా నంబరెంత? నా సరుకెక్కడ?" అని కేకేస్తుంది. మూలనున్న పెద్దపెట్టె నంబరిచ్చి, సరుకు పంపిస్తే అది మేలుకుంటుంది. ఒక సోమవారం నుంచి ఈ ఏర్పాటు కాస్తా తిరగబడింది. ఓ రోజు ఆరు లేచేవి, మర్నాడు పదకొండు. నిన్న లేచింది ఇవాళ లేవదు. తీగలు మార్చాను, పెద్దపెట్టెను ఆర్పి వెలిగించాను, చివరికి మోకాళ్ల మీద కూచుని ప్రార్థన కూడా చేశాను. ఊహూఁ.

గురువారం పొద్దున ఓడలో రాజధాని నుంచి తనిఖీకి ఆఫీసరమ్మ కలోలైనే దిగింది. ఆవిడ ముందు పన్నెండు వెలిగాయి, ఎనిమిది నల్లమొహం వేశాయి.

"వాడుకోవడం చేతకానివాళ్లకు ఇవెందుకు? అన్నీ కట్టేయండి. మధ్యాహ్నం ఓడలో నాతో తీసుకుపోతాను. అక్కడ రెండు బళ్లు వీటికోసం కాచుక్కూచున్నాయి" అంది.

మా పిల్లలు కంప్యూటరును కళ్లజూసేది ఈ ఒక్క గదిలోనే. హెడ్మాస్టరు గారు చేమాకుల్లో మాంసం చుట్టి కొబ్బరిపాలలో ఉడికించిన లూ పొట్లం ఆవిడ ముందు పెట్టి బతిమాలాడు.

"లూ తింటాను. పెట్టెలు మాత్రం తీసుకెళ్తాను" అందావిడ. "పన్నెండింటిదాకా గడువు. ఆ తర్వాత నన్ను అడగొద్దు."

బాబాయ్‌కి కబురెళ్లింది. గుమ్మంలోనే అడ్డుపడ్డాను.

"నీకు దండం పెడతాను బాబాయ్. ఈ ఒక్కసారికి బల్లి అనకు."

"ముందు చూడనీవే తల్లీ."

పెద్దపెట్టె సంగతంతా నాచేత చెప్పించుకుని, అన్నిటినీ ఆర్పించి, ఒక్కదాన్ని వెలిగించాడు. కళ్లజోడు పెట్టుకుని తెరమీది మొదటి వరస కూడబలుక్కుని చదివాడు.

"దీనికి నంబరొచ్చిందే! పెద్దపెట్టె ఇచ్చేవన్నీ పదితో మొదలవుతాయన్నావు. ఇది వేరే వరస. అంటే ఇక్కడ నంబర్లు పంచేవాళ్లు ఇద్దరున్నారు. రేవులో దిగిన కొత్తవాడు 'ఎటుపోవాలి' అనడిగితే ముందు పలికినవాడి వెంటే పోతాడు కదా. ఈ రెండోవాడు నంబరైతే ఇస్తున్నాడు గానీ సరుకెక్కడుందో చెప్పట్లేదు. పాపం ఇది అక్కడే నిలబడిపోతోంది."

తీగలన్నీ కలిసేచోట ఒక్కొక్కటే ఊడదీస్తూ, ప్రతిసారీ ఆ కంప్యూటరును ఆర్పి వెలిగించాడు. తొమ్మిదో తీగ ఊడగానే అది లేచి కూచుంది. మళ్లీ తగిలిస్తే పడుకుంది. ఊడదీస్తే లేచింది.

"చిక్కాడు!" అన్నాడు. అప్పటికి టైము పదకొండున్నర.

ఆ తీగ గోడలోంచి టీచర్ల గదిలోకి పోయింది. మేమిద్దరం దాని వెంట పోయాం. టీ బల్ల వెనకాల, బిస్కెట్ల డబ్బా చాటున, చిన్న తెల్లపెట్టె మిణుకుమిణుకుమంటోంది.

అది మా ఇంటి వైఫై పెట్టె. ఫిలిప్పీన్స్ సీరియల్ మధ్యాహ్నం టీచర్లమంతా కలిసి చూద్దామని, ఆ సోమవారం నేనే తెచ్చి గోడలో ఖాళీగా ఉన్న కన్నానికి తగిలించాను. అది నంబర్లు కూడా పంచుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. కంప్యూటరు పంతులమ్మను! పదిమందికీ పాఠం చెప్పే దాన్ని! ఉద్యోగం సంగతి తర్వాత, పిల్లల మొహం ఎలా చూడను?

వరండాలో ఆఫీసరమ్మ చెప్పుల చప్పుడు. బాబాయ్ నావైపు చూశాడు, తెల్లపెట్టెవైపు చూశాడు. దాన్ని లటుక్కున పీకి నా సంచిలో పడేసి, పైన నా కండువా కప్పాడు.

"ఏమిటి సంగతి?" అంది ఆఫీసరమ్మ గుమ్మంలోంచి.

"బల్లి" అన్నాడు బాబాయ్.

అందరం కంప్యూటర్ల గదిలోకి పరిగెత్తాం. పిల్లలు ఇరవైమంది ఇరవై మీటలు నొక్కారు. ఒకటి, నాలుగు, పదమూడు, ఇరవై! ఆవిడ మళ్లీ ఆర్పించింది. ఇరవై! మూడోసారి కూడా ఇరవై! పిల్లల కేకలకు రేకులు ఎగిరిపోతాయనుకున్నాను. హెడ్మాస్టరు గారు చేతులు తిప్పుతూ ఆటే మొదలుపెట్టాడు.

ఆవిడ మాత్రం కలం తీసింది. "బల్లి వల్ల కంప్యూటర్లు లేవకుండా పోతాయా? నేనెక్కడా వినలేదే. ఏమ్మా, కంప్యూటరు టీచరువి నువ్వు కదా, చెప్పు."

గది మొత్తం నావైపు తిరిగింది. బాబాయ్ పైకప్పు చూస్తున్నాడు.

"బల్లేనండీ. జానెడు పొడుగు. నా కళ్లారా చూశాను" అన్నాను.

"అదిప్పుడెక్కడుంది?"

"నా సంచిలో ఉందండీ. తీసి చూపించమంటారా?"

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దు, వద్దు!" అంటూనే గబగబా ఏదో రాసి సంతకం చేసింది. మధ్యాహ్నం ఓడ ఖాళీగానే పోయింది.

బాబాయ్‌ని గేటుదాకా సాగనంపుతూ అడిగాను. "నిజం చెప్పు బాబాయ్. ఇన్నేళ్లలో ఒక్కసారైనా నీకు బల్లి దొరికిందా?"

"ఒకటి దొరికింది. పాపం అదేమీ చేయలేదు."

"మరి ఆర్గన్? ఫ్రీజరు? అవన్నీ ఎవరు చేశారు?"

"బల్లే అమ్మాయ్" అన్నాడు, చెక్కుచెదరకుండా. "బల్లికైతే ఆదివారం చర్చిలో ఊరందరి మధ్యా కూచోవలసిన పని లేదు."

ఆ ఆదివారం నేను మొదటి బెంచీలోనే కూచుని, అందరికంటే గొంతెత్తి పాడాను.