ఎనిమిది వేల చుట్లు

ఆమెను వీధివీధంతా కాయిలక్క అనే పిలుస్తుంది. కాలిపోయిన ఫ్యాను మోటారు ఎవరు తెచ్చినా మూత విప్పి, ఒక్కసారి వాసన చూసి, జబ్బు ఎక్కడుందో చెప్పేస్తుంది. ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. పెళ్లయిన కొత్తలో భర్త కొట్టు ముందు కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడుతుంటే, తను వెనక గదిలో చచ్చిన కాయిళ్లను ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ విప్పి, మళ్లీ అలాగే చుట్టి, నాలుగు కాల్చి, అయిదోది తిప్పింది. ఇప్పుడు ఫ్యాన్లు దింపడం, ఎక్కించడం ఆయన పని. మధ్యలో ఉన్నదంతా ఆమెది.

నలభై ఆరో ఏట కాయిలక్కకు గిటారు పిచ్చి పట్టిందని అందరూ అన్నారు. నిజానికి పట్టి ఇరవై ఏళ్లయింది, బయటపడింది ఇప్పుడు. అప్పట్లో ఒక పెళ్లి హాల్లో స్టేజి పైన ఫ్యాను బిగిస్తుంటే, కింద ఆర్కెస్ట్రాలో ఒకాయన ఎలక్ట్రిక్ గిటారు తీగ ఒక్కటి మీటి చూశాడు. ఆ మోత ఇనప నిచ్చెన గుండా ఆమె అరికాళ్లలోకి ఎక్కింది. తర్వాత ఎన్ని మోటార్లు రొద పెట్టినా ఆ మోత దిగలేదు.

ఆ గిటారాయనే ఇప్పుడు టైలరు కొట్టు మీది గదిలో పాఠాలు చెబుతున్నాడు. కిందటి నెల ఆమె ధైర్యం చేసి మెట్లెక్కింది. మాస్టారు ఆమె వయసు అడగలేదు, వాయిద్యం ఏదని అడిగాడు. అరువు గిటారుతో వచ్చేవాళ్లు మూడో వారానికి మాయమవుతారట. "నీదంటూ ఒకటి, సరిగ్గా పలికేది పట్టుకురా అమ్మా. కొత్త బ్యాచ్ వచ్చే నెల మొదటి సోమవారం. అది దాటితే మళ్లీ ఏడాదికే" అన్నాడు. కొత్తది కొందామంటే ధర వినగానే చెయ్యి వెనక్కి వచ్చేసింది.

సోమవారం ఇంకా పది రోజులుందనగా, పాత సామాన్ల కొట్టులో టేబుల్ ఫ్యాన్లు చూడటానికి వెళ్లింది. బీరువాల వెనక మేకుకు వేలాడుతూ కనిపించిందది. అంచులు నల్లగా, నడిమ తేనె రంగుతో ఉన్న చెక్క, దాని మెడకు తగిలించిన రెండు చొక్కాలు. గుండె ఝల్లుమంది. అయినా బేరం తెలిసిన మనిషి కదా, ముందు ఫ్యాన్లు చూసింది, బీరువా తలుపు తెరిచి మూసింది, అద్దంలో బొట్టు సరిచేసుకుంది. వెళ్లబోతూ ఇదేమిటన్నట్టు గిటారు వైపు గడ్డం ఎత్తింది.

"అది పలకదక్కా. చూడ్డానికి బాగుందని ఉంచాను" అన్నాడు కొట్టాయన.

"పలకనిదాన్ని ఎవరన్నా ఉంచుకుంటారా?"

"ఎందుకుంచుకోను? మా బావమరిదిని ఇంట్లో ఉంచుకోలేదూ?"

నాలుగు ఫ్యాన్లకు కొత్త కాయిళ్లు చుట్టి ఇస్తానంటే గిటారు ఇచ్చేశాడు, చొక్కాలు మాత్రం తీసుకున్నాడు. నడిచి వెళ్తే పది నిమిషాల దారి, ఆమె ఆరు నిమిషాల్లో ఇంట్లో ఉంది.

గుమ్మంలోనే అత్తగారు అడ్డంపడింది. "ఫ్యాను తెస్తావనుకుంటే తెడ్డు తెచ్చావేమిటే? దీనికి గాలొస్తుందా?"

"గాలి రాదత్తా, పాటొస్తుంది."

"నీకొస్తుందా, దానికొస్తుందా?"

మీటరు పెట్టి చూస్తే ముల్లు కదల్లేదు. తీగల కింద పొడుగాటి పెట్టెల్లా రెండు కాయిళ్లున్నాయి. తీగ కదలికను పట్టి కరెంటుగా మార్చేవి అవే. రెండూ లోపల ఎక్కడో తెగిపోయాయి. ఇంకొకరైతే నీరుకారిపోయేవారు. కాయిలక్క మాత్రం పెద్దగా నవ్వింది. చేపకు నీళ్లు చూపించి ఎవరైనా బెదిరిస్తారా?

ముందు మెడ విప్పింది. మెడ కూర్చునే గాడిలో, చెక్క మీద పెన్సిలుతో ఒక తేదీ, దాని కింద పొట్టి సంతకం ఉన్నాయి. ఆమె పుట్టడానికి ఎనిమిదేళ్ల ముందటి తేదీ. ఎవరో తన పని పూర్తిచేసి, ఇక ఎవరూ చూడరని తెలిసి కూడా పేరు పెట్టుకున్నాడు. లోపలంతా తుడిచింది కానీ ఆ చోటికి గుడ్డ పోనివ్వలేదు. మెడ కొంచెం వంగి ఉంది. లోపలి ఇనప కడ్డీ మరను పావు తిప్పి, ఒక రోజు ఆగి, మళ్లీ పావు తిప్పింది. చెక్కతో తొందర పనికిరాదు. తీగలు బిగించే చెవులు బిర్రబిగిసి ఉంటే వాటికి కుట్టు మిషన్ నూనె చుక్క చుక్క వేసింది. మెడ మీద అడ్డంగా ఉన్న లోహపు మెట్ల చిలుము గీకి మెరిపించింది.

పాత కాయిలు విప్పుతుంటే లెక్క తేలింది. ఒక్కోదానికి దాదాపు ఎనిమిది వేల చుట్లు, తల వెంట్రుక కంటే సన్నటి తీగ. అలాంటిది మీటర్లు బాగుచేసే పెద్దాయన దగ్గర ఒక ఉండ దొరికింది. ఫ్యాను తీగ దీని పక్కన మోకు. చూపు తిప్పితే తెగుతుంది, ఊపిరి గట్టిగా వదిలినా తెగేలా ఉంది. అందుకని కాయిలు చుట్టే మిషను మీద చుట్ల అంకెలు చదివే పని అత్తగారికి అప్పగించింది. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని పీట వేసుక్కూర్చుంది. వెయ్యి దాటినప్పుడల్లా వీధికి వినపడేలా చెప్పేది. మూడు వేల నూట పన్నెండు దగ్గర తీగ పుటుక్కుమంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సరేలే, ఒకటి నుంచి చెబుతాను" అంది అత్తగారు. ఆ రోజు నుంచి గిటారు ఆవిడది కూడా అయింది.

శనివారానికి మొదటి కాయిలు పూర్తయింది. ఇంట్లో పాత టేపురికార్డరుకు తగిలించి మీటితే మోత వచ్చింది, గదంతా నిండింది. ఆదివారం రెండోదీ చుట్టి, ఏ కాయిలు పలకాలో ఎంచే మీటను దాని వైపు తిప్పి చూసింది. అదీ పలికింది. అత్తగారు వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. కాయిలక్కకు కాలు ఒకచోట నిలవలేదు. మీటకు నడిమ మూడో చోటు ఒకటుందని, అక్కడ రెండు కాయిళ్లూ కలిసి పలకాలని ఆ సంబరంలో తట్టనే లేదు. ఎవరి ఫ్యానైనా అయితే మూడు వేగాలూ చూడకుండా గడప దాటించేది కాదు.

సోమవారం గదిలో కొత్తవాళ్లు ఏడుగురు, ఏడు మెరిసే గిటార్లు. మాస్టారు ఆమెదాన్ని ఒళ్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. స్పీకరు పెట్టెకు తగిలించి, మీట పైకి పెట్టి వాయించాడు, కనుబొమలు లేచాయి. కిందికి పెట్టాడు, తల ఊపాడు. నడిమికి పెట్టాడు. గదంతా నిండిన మోత కాస్తా జలుబు చేసినవాడి గొంతులా ముక్కులోంచి వచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు గిటారు దించబోయాడు.

కాయిలక్క ఆ మోతకు చెవి ఒగ్గింది. రెండూ విడివిడిగా నిక్షేపంలా ఉన్నాయి, కలిస్తే నీరసపడుతున్నాయి. అంటే ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఎందుకు? అప్పుడు తెలిసింది. ఫ్యానులో ఒక కాయిలు కుడికి చుడితే పక్కది ఎడమకు చుట్టాలి. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని. రెండోది మొదలుపెట్టగానే చెయ్యి తనంతట తానే ఎడమకు తిరిగిపోయింది, ఆమెను అడగనైనా అడగలేదు.

"చెయ్యి తిరిగిన పనే నా కొంప ముంచింది మాస్టారూ. మళ్లీ చుట్టక్కర్లేదు, రెండో కాయిలు కొసలు రెండూ అటూ ఇటూ మారిస్తే చాలు. పది నిమిషాలు ఇవ్వండి" అంది.

"ఇప్పుడా? ఇక్కడా?"

ఆమె అప్పటికే సంచిలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసింది. అది లేకుండా ఆమె గడప దాటదు. కిటికీ పక్కన ప్లగ్గు దొరికింది. మరలు విప్పి, రెండు అతుకులు కరిగించి, తీగలు మార్చి, మళ్లీ అతికింది. నవ్వినవాళ్లు మెడలు చాచి చుట్టూ మూగారు. మాస్టారే దీపం పట్టుకున్నాడు. తొమ్మిది నిమిషాలు పట్టింది.

మీట నడిమికి పెట్టి ఆయన మీటాడు. మోత నేల గుండా పాకింది. కింద టైలరు కత్తెర ఆపి పైకి చూసి ఉంటాడు. ఆమె అరికాళ్లు జివ్వుమన్నాయి, ఇరవై ఏళ్ల కిందటి చోటే.

మాస్టారు గిటారు ఆమె చేతికిచ్చి, ఎనిమిదో కుర్చీ తనే లాగి వేశాడు. పాఠం మొదలుపెడుతూ అందరినీ హెచ్చరించాడు. తీగ నొక్కితే మొదటి నెలంతా వేళ్లు మండుతాయి, ఓర్చుకోవాలి. పావుగంటకు ఏడుగురూ చేతులు ఊదుకుంటున్నారు. ఆయన కాయిలక్క దగ్గరికొచ్చి ఆగాడు.

"నొప్పిగా లేదా?"

ఆమె అరచెయ్యి తిప్పి చూపించింది. రాగి తీగ లాగి లాగి వేళ్ల కొసలు ఎప్పుడో కాయలు కాశాయి.

"ఇంతకు ముందే నేర్చుకున్నావన్నమాట, సగం" అన్నాడు మాస్టారు. ఆమె వినలేదు. రెండో తీగ మీద వేలు పెట్టి, అది ఎలా మోగుతుందో చూడాలని తొందరపడుతోంది.