మా అత్తకు నేను పోసిన కల్లు

మొన్న మా బిడ్డ కొడుకు టీవీ ముందు కూసోని ఏదో వార్త చూస్తుంటే, బియ్యం చెరుగుకుంట నేను కూడ ఒక చెవి అటు పెట్టిన. హైదరాబాదుల కొకైన్ అనే మత్తుమందుకు మరిగిన పిల్లల ముచ్చట అది. ఒక డాక్టరమ్మ మెదడు బొమ్మ చూపిచ్చుకుంట చెప్తున్నది: మెదడుల సంతోషాన్ని అందుకునే చోట్లుంటయట, వాటిని రిసెప్టర్లు అంటరట, ఆ మందు రోజూ ముంచెత్తుతుంటే తట్టుకోలేక మెదడే ఆ చోట్లను తగ్గించుకుంటదట, ఇగ ఆ తర్వాత కడుపున పుట్టిన పిల్ల నవ్వినా మనిషికి ఏమీ అనిపియ్యదట. మనుమడు నోరు తెరుచుకొని వింటున్నడు. నా చేతుల చాట ఆగిపోయింది. కొకైన్ అంటె ఏందో నేను చూడలే, చూసే అక్కెర కూడ లేదు గని, ఆమె చెప్పిన గోస మాత్రం నా ఇంట్ల కండ్లార చూసిన.

మా తరపోళ్లకు కల్లు సంగతి నేను చెప్పాల్నా? బాలింతకు పోసేది, తట్టు పోసిన పిల్లగానికి తాపేది, దేవతకు సాక పోసేది, అన్నిట్లకు అదే. మా నాయిన గీత పని చేసేటోడు. పొద్దుగాలనే మోకు భుజాన ఏసుకొని పోయి దింపుకొచ్చిన తాటికల్లు తియ్యగ, పుల్లగ ఉండేది. తాగినోనికి ఆకలయ్యేది, మంచిగ నిద్ర పట్టేది, అంతే. తర్వాత కరువులొచ్చి చెట్లు చానమట్టుకు ఎండిపోయినంక ఊర్లకు డిపో కల్లు దిగింది. నీళ్లల్ల చక్కెర, ఏదో తెల్లటి మత్తుపొడి కలిపి సీసలల్ల పోసి అమ్ముడు మొదలువెట్టిన్రు. కొన్నాళ్లకు మా నాయిన చెట్టుకల్లు తెస్తే ముట్టెటోడు లేకపోయిండు. సత్తువ లేదు, ఉత్త నీళ్లోలె ఉన్నదని ఆయన ముందటనే పారబోసెటోళ్లు. జనానికి నాలికలు సచ్చిపోయినయని ఇంటికొచ్చి తిట్టుకునేటోడు పాపం. సచ్చింది నాలిక కాదని మాకేం ఎరుక.

నన్ను మల్లాపూర్ పక్కన ఒక ఊరికి ఇచ్చిన్రు. మా ఆయన ఒక్కడే కొడుకు, మామ చిన్నతనంలనే పోయిండు, రెక్కలు ముక్కలు చేసుకొని సాదింది మా అత్తనే. పొద్దుగూకంగ ఆమె డిపో నుంచి రెండు సీసలు తెప్పిచ్చి, ఒకటి తను తాగి, ఒకటి పొలం నుంచి అలసిపోయి వచ్చిన కొడుకు ముందట పెట్టేది. అది ప్రేమనే, కాదంటె నా కండ్లు పోతయి. బాయి ఎండిపోయి, బోరు కూడ ఫేలయినంక, ఊర్లె మగోళ్లందరి లెక్కనే మా ఆయన సుత మస్కట్ పోయెటందుకు బయలెల్లిండు. అప్పట్ల కోరుట్లల బస్సెక్కి బొంబాయి పోయి, అక్కడ ఏజెంటు రూముల పడి ఉంటె, పిలుపు ఎన్నడొస్తే అన్నడు విమానమెక్కుడు.

మా ఆయన విమానం ఎక్కనే లేదు. ఆ రూములనే చేతులు వణికి, చెమటలు కారి, లేని మనుషులతోని మాట్లాడి, చివరికి ఫిట్స్ వచ్చి పడిపోయిండట. అదే రూముల ఉన్న సిరిసిల్లల మగ్గం నేసే ఒకాయన, ఏం పుణ్యాత్ముడో, బస్సుల ఏసుకొని తీసుకొచ్చి అప్పజెప్పిండు. బొంబాయి గాలి సోకిందని వాడకట్టంత జమైంది. మా అత్త మాత్రం కొడుకు మొఖం చూసి, లోపలికి పోయి, సీస తెచ్చి నోట్లె పోసింది. కొంచెం సేపట్లనే వణుకు తగ్గింది, మనిషి లేచి కూసోని అన్నం అడిగిండు. ఇగ చూస్కోండ్రి, రోగం పెట్టిందే మందయి కూసున్నది! కల్లే నా కొడుకును బతికిచ్చిందని మా అత్త డిపో దిక్కు తిరిగి దండం పెట్టింది.

నేను ఊకోలే. జగిత్యాలల పెద్ద డాక్టరు దగ్గరికి బలవంతంగ తోల్కపోయిన. కాలువ నీళ్లు రోజూ పారుతుంటె మనం బాయి పూడిక తీసుడు మర్చిపోతం, కాలువ బందయిన్నాడు బాయిల చుక్క దొరకది, గట్లనే ఉన్నది ఈయన మెదడు అని ఆ సారు నాకు తెలిసేటట్టు చెప్పిండు. మెదడుకు తనంతట తాను నిమ్మళపడే గుణం ఉంటదట. మత్తుపొడి రోజూ ఆ పని చేసిపెడుతుంటె, నిమ్మళాన్ని అందుకునే చోట్లు మొద్దుబారి పోతయట. ఒక్కసారే మానేస్తె పానం మీదికొస్తది, గోలీలిచ్చి మెల్లగ తగ్గియ్యాలె, ఓపిక పట్టాలె అన్నడు. వచ్చేటప్పుడు బస్సుల మా ఆయన కిటికీ దిక్కు చూసుకుంట అన్న మాట ఇప్పటికీ నా చెవులల్లనే ఉన్నది.

"నిషా కోసం తాగుతలేనే. అందరోలె మామూలుగ ఉండెటందుకు తాగుతున్న."

గోలీలు నేను ఇస్తుంటె, కొడుకు వణుకుడు చూడలేక మా అత్త దొంగతనంగ పోసేది. నేను లొల్లి పెట్టుకునేదాన్ని, ఆమె ఏడ్చేది. ఎట్లనో గట్టెక్కి, మళ్ల వీసా సంపాయించి మస్కట్ పోయిండు. అక్కడ మంచిగున్నడు, ఒళ్లు జేసిండు, ఫోన్ల నవ్వేటోడు. నేను మురిసిపోయిన. కాని మొదటిసారి సెలవు మీద వచ్చిన్నాడు, బస్సు కల్లు డిపో ముందట ఆగంగనే ఆ వాసనకు ఆయన చేతులు సన్నగ వణకవట్టె. వారం తిరగకముందే మళ్ల సీస, మళ్ల గోలీలు, మళ్ల మొదటి నుంచి గోస. దాని తర్వాత ఆయన సెలవులు తగ్గిచ్చుకున్నడు. అక్కడ ఇంకో సంసారం పెట్టిండని ఊరంత గుసగుసలు పెట్టింది. నా మొగడు ఊరికి భయపడుతున్నడని ఎవలికి చెప్పుకుందు?

మా అత్త సచ్చిపోయినప్పుడు ఆయన రాకతప్పలేదు. కడసూపు అందలేదు గని, పిట్టకు పెట్టే దినానికి అందుకున్నడు. సచ్చిపోయినోళ్లకు ఇష్టమైనయి వండుకపోయి సమాధి కాడ పెట్టి, కాకి ముట్టేదాక చూసే దినం అది. కూర, గారెలు, చుట్ట, అన్ని పెట్టినంక పెద్దమనుషులు కల్లు సీస మా ఆయన చేతికిచ్చిన్రు. కొడుకు పోయాలె, పోసి తను ఒక గుక్క తాగాలె, గట్లయితెనే తల్లి ఆత్మ శాంతిస్తదని అందరి మాట. ఆయన సీస పట్టుకున్నడు, పొయ్యలేదు. సీస మూతిని చూసుకుంటనే నిలబడ్డడు. కండ్లల్ల నీళ్లు. అందరు తల్లి మీది దుఃఖం అనుకున్నరు. నాకు తెలుసు, కల్లు వాసనకు నోట్లె నీళ్లూరుతున్నందుకు వచ్చిన కన్నీళ్లవి.

నేను ముందుకు పోయి ఆయన చేతులకెల్లి సీస గుంజుకొని మొత్తం మా అత్త సమాధి మీద కుమ్మరిచ్చిన. కోడలు పోసుడేందని మా పెదమామ గరమయిండు, ఆడిదానికి సిగ్గులేదన్నరు. అననీ. తెల్లారి పొద్దుగాల ఆయన సంచి సదురుకున్నడు, పదో దినం కూడ కాలే.

"ఈడుంటె మళ్ల పడుత. నన్ను పోనియ్యే" అన్నడు.

పో అన్న. ఎవ్వలన్న మొగని మీద పావురం, ప్రేమ ఉన్న ఆడిది అట్ల అంటదా, నేను అన్న.

ఇప్పుడు ఊర్లె తాటిచెట్లు లేవు, గీసెటోళ్లు లేరు, పోరగాళ్ల చేతులల్లకు కొత్త కొత్త మత్తులు వచ్చినయి, వాటి పేర్లు నాకు నోరు తిరగవు. మా ఆయన వయసుడిగి ఇంటికొచ్చిండు, మంచిగనే ఉన్నడు. కాని ఉప్పు డబ్బ ఎక్కడున్నదో ఇప్పటికీ నన్నే అడుగుతడు, మబ్బుల, ఇంక తెల్లారకముందే లేస్తె ఏ గోడ ఎటున్నదో తెల్వక తడుముకుంటడు, చుట్టమోలె మంచం అంచుకు కూసుంటడు. ఒకరు లేకుంట ఒకరం ముసలోళ్లమైనం. మనిషి దక్కిండు గని, నాకు కాపురం దక్కలే.