తాకట్టే అక్కా

ఏళ్ల తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్లు ఎందుకు దాస్తాను?

మా అక్క నాకంటే చాలా పెద్దది. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు, అత్తింటి వైపూ ఎవరూ మిగల్లేదు. అనంతపురంలో పెళ్లిళ్లకు వంట చేసి నన్ను చదివించింది. ఆ సంపాదనతోనే ఊరి చివర రెండు గదుల ఇల్లు కట్టుకుంది. అరవై దాటాక మోకాళ్లు మొరాయించాయి. పొయ్యి మీంచి అన్నం గుండిగలు దించడం చేతకాలేదు. వచ్చే వితంతు పింఛను మందులకే సరిపోయేది కాదు.

సొంత ఇల్లున్న ముసలివాళ్లకు బ్యాంకు నెలనెలా డబ్బిస్తుందని ఏదో పెళ్లిలో ఎవరో చెప్పారట. "నువ్వు చదువుకున్నోనివి, పోయి కనుక్కోని రాప్పా" అని నన్ను పంపింది.

బ్యాంకు ఆఫీసరు ఓపిగ్గా చెప్పాడు. దాన్ని రివర్స్ మార్ట్‌గేజ్ అంటారు. ఇల్లు అక్క పేరునే ఉంటుంది. బతికినన్నాళ్లూ ఆమె అందులోనే ఉంటుంది. నెలనెలా డబ్బొస్తుంది, ఆమె తిరిగి కట్టే పని లేదు. ఆమె తర్వాత వారసులు బాకీ తీర్చి ఇల్లు ఉంచుకోవచ్చు, లేదంటే బ్యాంకు అమ్ముకుంటుంది. నా మనసు ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. ఆ ఇల్లు నాకేనని అక్క ఏనాడూ అనలేదు. నేనే అనుకున్నాను. పైన ఇంకో అంతస్తు వేస్తే బాడుగ ఎంతొస్తుందో కూడా లోలోపల లెక్క వేసుకున్న మనిషిని నేను.

ఇంటికెళ్లేసరికి అక్క గడప మీద కూర్చుని ఉంది.

"ఏమన్నారప్పా బ్యాంకోళ్లు?"

"తాకట్టే అక్కా."

ఆమె ముఖం మారిపోయింది. "మన చేను మాదిరే పోతాదా?"

నేను తల ఊపాను.

"వద్దులేరా ఆ దుడ్లు. ఎండన పడి తిరుగొచ్చినావు, మజ్జిగ తాగు."

తాగాను.

తాకట్టు అన్న మాటే ఎందుకు వాడానో మీకు తెలియాలి. మా నాయన చేను తాకట్టు పెట్టి బోరు వేయించాడు. నీళ్లు పడలేదు, ఆ ఏడు వానా లేదు, చేను పోయింది. అప్పటినుంచి మా ఇంట్లో ఆ మాట ఎవరూ పలికేవాళ్లు కాదు. అక్క ఎంత కష్టంలోనూ ముక్కుపుడక సైతం కుదువ పెట్టలేదు. ఇవన్నీ తెలిసే అన్నాను. తెలియక అన్నానని మీతో కూడా చెప్పుకోలేను.

అక్క మళ్లీ వంటలకు పోయింది. ఒకసారి మా ఆఫీసులో ఒకాయన కూతురి పెళ్లికి వెళ్లాను. బంతిలో కూర్చున్నాను. పప్పు బకెట్టు పట్టుకుని, ఒక చేత్తో గోడ ఆనుకుంటూ అక్క వస్తోంది. నేను విస్తరిలోకి తల వంచుకున్నాను. ఆమె నన్ను చూసింది. ఆఫీసువాళ్ల ముందు తమ్ముడు చిన్నబోతాడనుకుందేమో, పలకరించకుండా పప్పు వడ్డించి, ఇంకో గరిటె ఎక్కువేసి ముందుకు పోయింది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా? మరుసటి రోజైనా? బ్యాంకు అక్కడే ఉంది. అక్క బతికే ఉంది. నేనే కదల్లేదు.

పోయిన ఎండాకాలం అక్క పోయింది. ఇల్లు నాకొచ్చింది. బాడుగకిచ్చాను. ఆమె చేతిలో పడాల్సిన నెల డబ్బు ఇప్పుడు నా చేతిలో పడుతోంది. మొన్న బాడుగకు వెళ్తే పక్కింటామె అంది: "మీయక్క ఎప్పుడూ చెప్తాండె అన్నా. నా తమ్ముడు చదువుకున్నోడు కాబట్టి నా ఇల్లు నిలిచిండాది, లేకపోతే బ్యాంకోళ్లు ఎత్తుకపోయుండేవాళ్లు అని."

నేను అవునన్నట్టు నవ్వాను. సిగ్గులేని నవ్వు. బాడుగ జేబులో పెట్టుకునే వచ్చాను.

ఇన్నేళ్లూ నన్ను నేను ఒకే మాటతో ఊరడించుకున్నాను: అది తాకట్టే కదా, నేను అబద్ధమేమీ చెప్పలేదు కదా అని. మార్ట్‌గేజ్ అంటే తాకట్టే, ఆఫీసరు కాగితాల్లోనూ ఆ మాటే ఉంటుంది. ఎవరు వచ్చి అడిగినా నన్ను తప్పుపట్టలేరు.

అబద్ధమే చెప్పాను. నన్ను చదివించిన మనిషికి, ఆ చదువుతోనే చెప్పాను.

రాసేశాను. అక్క లేదు, క్షమించేవాళ్లు లేరు. గొంతులో మాత్రం ఇప్పుడు ఏమీ అడ్డం లేదు.